గోరువెచ్చని మందు

ఉగాది వెళ్ళిన మూడో వారం ఊరంతా కోడికూర తింది. పండగా లేదు, పెళ్ళీ లేదు, దేవర జాతరా లేదు. మిట్ట వీధిలో కోళ్ళకు కొక్కెర రోగం తగిలింది. పొద్దున గింజలు ఏరుకున్న కోడి మధ్యాహ్నానికి రెక్కలు వేలాడేసుకుని గోడ వార కూలబడేది. పచ్చగా పారుకునేది. మర్నాటికి మెడ మెలితిరిగి, నోరు తెరిచి గురగురమంటూ ప్రాణం విడిచేది. చచ్చినవాటిని గుంత తీసి పూడ్చడం, ఇంకా నిలబడి ఉన్నవాటిని అవి కూలబడకముందే కోసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. అందుకని ఇంటింటా నీళ్ళు కాగాయి, కత్తిపీటలు బయటికొచ్చాయి. రోజుకు రెండూ మూడూ కోసి, తిన్నంత తిని, మిగతాది ఇరుగుపొరుగుకు పంచారు. ఏ ఇంట్లోనూ ఎవరూ ఇంకో ముక్క వేయమని అడగలేదు.

పల్లం వీధిలో ఉండే కృపాకుమారి ఇంటికీ కూర గిన్నెలు వచ్చాయి. మొదటిది మిట్ట వీధి ఆంజినమ్మ తెచ్చింది.

"తిను మే. మా కోళ్ళ కోసరం నువ్వు మాత్రం తక్కువ తిరిగినావా? రోగానికి నువ్వేం చేస్తావు!" అని చేతిలో పెట్టి పోయింది.

కృపాకుమారి భర్త యేసన్న గాలిమరల దగ్గర వాచ్‌మన్. డ్యూటీ దిగి వచ్చి రెండు గిన్నెలు ఒక్కడే ఖాళీ చేశాడు. "నువ్వు తినవా?" అంటే ఆకలి లేదని చెప్పింది. గిన్నెలు కడిగి బోర్లించి, ఆ పూట ఉత్త మజ్జిగ తాగి పడుకుంది.

ఆ ఊళ్ళో కోళ్ళకు టీకాలు వేసేది ఆమే. మూడేళ్ళ కిందట పశువుల డాక్టరు విజయభాస్కర్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదిమంది ఆడవాళ్ళను బెళుగుప్పకు పిలిపించి, నాలుగు రోజులు పని నేర్పి, తలా ఒక నీలం సంచీ, సూదులు, ఐసు పెట్టుకునే డబ్బా ఇచ్చాడు. శనక్కాయ వేస్తే విత్తనం కూడా తిరిగిరాని ఊరది. వానతో పనిలేకుండా పెరిగేది కోడి ఒక్కటే. అందుకే ప్రతి ఇంటి వెనకా రెండో మూడో, కొన్ని ఇళ్ళలో ఇరవై దాకా ఉంటాయి. కృపాకుమారి సంచీ పట్టుకుని తిరగడం మొదలుపెట్టాక రెండు వేసవులు రోగం ఊరి పొలిమేర దాటి రాలేదు.

సంచీ రాకముందు ఆమె మిట్ట వీధి వాకిళ్ళలో అడుగు పెట్టి ఎరగదు. కూలికి పిలవాలన్నా వీధిలోనే నిలబెట్టి పిలిచేవాళ్ళు. సంచీ వచ్చాక "రా మే, పెరట్లోకి రా" అనడం మొదలుపెట్టారు. ఆ వీధి మొదటింటి నల్లమ్మ అయితే చాప వేసి కూర్చోబెట్టింది. ఆ పూట ఇంటికొచ్చి కృపాకుమారి ఆ చాప సంగతి భర్తకు రెండుసార్లు చెప్పింది.

తప్పు జరిగింది ఫిబ్రవరిలో.

టీకా మందు చిన్న సీసాలో గడ్డకట్టిన బిళ్ళలా వస్తుంది. సెలైన్‌లో కలిపితే నూరు కోళ్ళకు సరిపోతుంది. కలిపినదాన్ని ఐసులోనే ఉంచి రెండు గంటల్లో వేసెయ్యాలి. "ఆ తర్వాత అది మందు కాదమ్మా, ఉత్త నీళ్ళు" అని డాక్టరు నేర్పేటప్పుడే నాలుగైదు సార్లు చెప్పాడు. ఆ రోజు ఆమె పొద్దున ఆరింటికి మందు కలిపింది. ముందు తన కోళ్ళకు, తర్వాత పల్లం వీధి కోళ్ళకు వేసుకుంటూ వచ్చింది. ఏడు దాటింది. ఇక మిట్ట వీధికి పోవాలి. ఒక్క గుటక కాఫీ తాగిపోదామని ఇంటికొచ్చేసరికి, వాకిట్లో పెద్దక్క నిలబడి ఉంది.

పెద్దక్క ఆమె సొంత అక్క. యాడికిలో కాపురం. పొలం గొడవల్లో మాటా మాటా వచ్చి రెండేళ్ళుగా రాకపోకల్లేవు. ఇప్పుడు తెల్లవారుజాము బస్సెక్కి, తానే వచ్చేసింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అంత దూరం నుంచి వచ్చిన అక్కకు ఉత్త పప్పన్నం పెడతారా? కృపాకుమారి ఒక పుంజును పట్టి కోసింది. కూర ఉడికేలోపు చిన్నప్పటి ముచ్చట్లు. తిన్నాక చాప మీద పక్కపక్కన వాలి మళ్ళీ ముచ్చట్లు. మధ్యలో రెండు మూడుసార్లు సంచీ కళ్ళబడింది. కాసేపాగి పోదాంలే అనుకుంది. అక్క ఏదో చెబుతుంటే నవ్వి నవ్వి కళ్ళు మూతలుపడ్డాయి. లేచేసరికి రెండున్నర.

డబ్బా తెరిస్తే ఐసు లేదు. నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో సీసా గోరువెచ్చగా ఉంది.

మందు పాడైందని చెప్పి వద్దామనే ఆమె మిట్ట వీధికి బయల్దేరింది. మొదటి ఇల్లు నల్లమ్మది. నల్లమ్మ ఆ రోజు టమాటా కోతకు కూలికి పోకుండా, పదిహేడు కోళ్ళనూ తెల్లవారకముందే గంపల కింద మూసిపెట్టి, వాకిట్లో కూర్చుని ఉంది. గంపల కింద కోళ్ళు దాహానికి రెక్కలు కొట్టుకుంటున్నాయి.

"ఏమ్మే, ఇంత సేపా? నీ కోసరం కూలి మానుకోని కూసున్యా."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'మందు చెడిపోయినాదక్కా, రేపు మళ్ళీ తెస్తా.' అంతే అనాలి. కానీ ఎందుకు చెడిపోయిందని అడుగుతారు. అరవై కోళ్ళ మందు ఏమైందని డాక్టరు అడుగుతాడు. అక్క వస్తే నిద్రపోయానని ఎట్లా చెప్పేది? కొంచెమన్నా బలం మిగిలుంటుందిలే అని తనకు తానే చెప్పుకుంది. నల్లమ్మ గంప ఎత్తి ఒక పెట్టను అందించింది. కృపాకుమారి రెక్క కింద సూది దించింది.

ఆ సాయంత్రం పదకొండు ఇళ్ళలో యాభై ఎనిమిది కోళ్ళకు వేసింది. ప్రతి రెక్కా ఎత్తినప్పుడు తాను గుచ్చుతున్నది నీళ్ళేనని ఆమెకు తెలుసు.

మార్చి గడిచింది. ఏమీ కాలేదు. ఏమీ కాదేమో అనుకునే ధైర్యం వచ్చేసరికి ఏప్రిల్ వచ్చింది, రోగమూ వచ్చింది. మిట్ట వీధిలో మొదలై మిట్ట వీధంతా పాకింది. పల్లం వీధిలో ఒక్క కోడి కూడా రెక్కలు వేలాడేయలేదు.

నల్లమ్మ కోళ్ళలో ఆరు చచ్చాయి. ఏడోనాడు పొద్దున ఆమె కృపాకుమారి ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. "నువ్వు రావాల మే. మిగిలినవి కోసెయ్యల్ల. నేను పెంచిన కోడి మెడ పట్టుకునేది నా చేత కాదు."

కృపాకుమారి కొంగు దోపుకుని ఆమె వెంట నడిచింది.

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. నల్లమ్మ ఇంట్లోకి పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. కాన్పు కోసం వచ్చిన ఆమె కూతురు శశి, ఎనిమిదో నెల కడుపుతో, గడప మీద కూర్చుని చూస్తోంది. ఆ కోళ్ళన్నీ శశి కోసమే. బాలింతకు వారానికొకటి చొప్పున మిరియాల చారు కాచిపెట్టాలని కూతురు నెల తప్పిందని తెలిసినప్పటి నుంచే నల్లమ్మ ఒక్క కోడినీ సంతకు పంపకుండా పెంచింది.

కృపాకుమారి ఒక్కొక్కదాన్నే రెక్కలు మడిచి పాదం కింద అదిమిపెట్టి, మెడ చాపి, కత్తి ఆడించింది. రక్తం మట్టిలోకి ఇంకేదాకా పట్టుకుని, వేడినీళ్ళలో ముంచి, ఈకలు పీకింది. శనగపొట్టు మంట మీద తిప్పి కాల్చి, పసుపు రాసి, కత్తిపీట ముందు వేసుకుంది. ఎన్నో ఏళ్ళుగా చేసిన పనే. చేతులు వాటంతట అవే పోతున్నాయి. నాలుగో పెట్టను కోసినప్పుడు లోపల గుడ్ల సరం బయటపడింది. పెంకు పట్టబోతున్న గుడ్డు ఒకటి, దాని వెనక గోలీ అంత పసుపు ఉండ, దాని వెనక శనగగింజంత, ఇంకా వెనక ఆవగింజలు పోసినట్టు. రేపు పెట్టాల్సింది, ఎల్లుండి పెట్టాల్సింది, వచ్చే నెల పెట్టాల్సింది, అన్నీ వరసగా ఆమె అరచేతిలోకి వచ్చాయి. కృపాకుమారి వాటిని విడిగా ఒక ఆకులో పెట్టింది.

"చిన్నమ్మా, సూది ఏసినా కూడా రోగం ఎట్లొచ్చె?" అని శశి అడిగింది.

అడగాలని అడిగింది కాదు. పొద్దుపోక అడిగింది. కృపాకుమారి తలెత్తకుండా, "పైనుంచే మంచి మందు రాలేదేమో పాపా" అంది.

ఆ మాట సాయంత్రానికి వీధంతా తిరిగింది. మందు కంపెనీవాళ్ళు నీళ్ళు పోసి పంపినారంట అని రంగన్న రచ్చకట్ట దగ్గర తిట్టాడు. రంగన్నవి ఇరవై రెండు కోళ్ళు. ఒక్కటీ మిగలలేదు.

ఆ రోజు పదకొండు కోళ్ళూ కోయడం అయ్యాక నల్లమ్మ బయటికి వచ్చి, మాంసం కుప్ప వైపు చూడకుండా, కృపాకుమారికి వాటా తీసిపెట్టమని కూతురికి చెప్పింది. కృపాకుమారి వద్దంటే వినలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక ఆమె ఆ మూట వాకిలి బయటే పెట్టి, బోరింగు దగ్గర తలారా స్నానం చేసి, చీర మార్చుకుని, విప్పిన చీరను సబ్బునీళ్ళలో నానేసింది. రోగం బట్టలకు అంటుకుని వస్తుందని డాక్టరు చెప్పిందీ ఆమెకు బాగా గుర్తుంది. తన పద్నాలుగు కోళ్ళ కోసం ఒక్క జాగ్రత్తా మరిచిపోలేదు. తడి చీర పిండుతుండగా ఆ సంగతి తనకే తట్టి, పిండడం ఆపేసింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక పాస్టరు, సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నాడు. ఎప్పుడూ ముందుగా లేచే ఇంద్రాణి ఆ రోజు కూర్చునే చెయ్యెత్తింది.

"కృపక్కను చెప్పమనండయ్యా. ఊరంతా కోళ్ళు పోతాంటే మా వీధిలో ఒక్కటీ పోలేదు. అది దేవుని కార్యం కాకపోతే ఇంకేమి?"

ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. పక్కన కూర్చున్నామె మోచేత్తో పొడిచి లేపింది. కృపాకుమారి లేచి నిలబడింది. రేకుల కప్పు కింద ఉక్కపోతగా ఉంది. అక్కడే చెప్పేయొచ్చు. ఎదురుగా ఉన్నవాళ్ళు తన వాళ్ళే. కానీ వాళ్ళ మొహాల్లో అంత సంతోషం ఉంది.

"దేవుడు నా కోళ్ళను కాపాడినాడు. స్తోత్రం" అని కూర్చుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. యేసన్న మగవాళ్ళ వైపు నుంచి గర్వంగా చూశాడు. ఆమె అటు చూడకుండా కొంగు తల మీదికి లాక్కుంది. ఇన్నాళ్ళూ తప్పు తనకూ, ఆ సీసాకూ మధ్యనే ఉంది. ఇప్పుడు దేవుణ్ణి కూడా అందులోకి లాగింది.

ఇంటికి పోకుండా చర్చి నుంచే మిట్ట వీధికి నడిచింది. నల్లమ్మ ఖాళీ పెరట్లో సున్నం చల్లుతోంది. ఈమెను చూసి నవ్వింది.

"ఇప్పుడే ఫోన్లో చెప్పిరి మే, నువ్వు చర్చీలో లేసి మాట్లాడినావంట. మీ దేవుడు మీ వీధి మటుకు బాగా సూసుకున్యాడు. మాకోసరం కూడా ఒక మాట అడిగింటే బాగుండు గదా."

ఎత్తిపొడుపు ఏమీ లేదు అందులో. నిజంగానే అనింది. నిజంగానే అనింది కాబట్టి కృపాకుమారి ఇంక దాచలేకపోయింది. సున్నం చల్లిన నేల మీదే కూర్చుని, "దేవుడు కాదక్కా, నేను" అని మొదలుపెట్టి, అక్క రావడం, పుంజును కోయడం, నిద్రపోవడం, గోరువెచ్చని సీసా, అన్నీ చెప్పింది. కంపెనీ మాట కూడా తానే పుట్టించానని చెప్పింది.

నల్లమ్మ సున్నం బక్కెట్టు కింద పెట్టింది. ఇంట్లోకి పోయింది. చీపురో చెప్పో తెస్తుందనుకుంది కృపాకుమారి. నల్లమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, నిలబడే గటగటా తాగి, అడిగింది:

"తెలిసీ గుచ్చినావా, తెలీకనా?"

"తెలిసే అక్కా."

"మందు చెడిపోయినాదంటే నేనేమన్నా కొడతాంటినా నిన్ను? నాలుగు మాటలు అంటాంటి. ఇంకోనాడు ఏపిచ్చుకుంటాంటి. ఆ నాలుగు మాటలు పడలేక ఇన్ని ప్రాణాలు తీస్తివి గదే." చెంబు గోడ మీద పెట్టింది. "అంత భయపడేట్ల ఎప్పుడన్నా మాట్లాడినానా నేను నీతో?"

"నువ్వు కాదక్కా." కృపాకుమారి నేల చూస్తూ అంది. "చాప ఏసి కూకోబెట్టినావు గదా. పని చెడగొట్టినానంటే మళ్ళా వీధిలోనే నిలబెడతారేమోనని."

నల్లమ్మ బక్కెట్టు తీసుకుని మిగిలిన మూలకు సున్నం చల్లింది. లోపల శశి ఏడుస్తున్నట్టుంది. కృపాకుమారే మళ్ళీ అంది:

"నావి పద్నాలుగు ఉండాయి. అన్నీ నీకే ఇస్తా. ఇప్పుడే ఇడిస్తే ఈ మన్నులో రోగం వాటికీ తగుల్తాది. రెండు నెలలు పోనీ."

"నాకిస్తావు. ఆంజినమ్మకు ఏమిస్తావు? రంగన్నకు?" నల్లమ్మ గొంతు గట్టిపడింది. "అందరూ మందును తిట్టుకుంటాండారు. ఇంక సూది ఏపిచ్చుకునేదే లేదని ఒట్లు పెట్టుకుంటాండారు. మందు మంచిదే, నేనే చెడగొట్టినా అని నువ్వు చెప్పకపోతే వచ్చే ఏడు కూడా ఇదే గతి. పోయి చెప్పు. ఇంటింటికీ పోయి చెప్పు."

"నువ్వు కూడా రా అక్కా."

"నేనెందుకొస్తా? నేను నిద్రపోయినానా?"

మధ్యాహ్నపు ఎండలో కృపాకుమారి ఒక్కతే బయల్దేరింది. ప్రతి వాకిలి ముందూ వీధిలోనే నిలబడి పిలిచింది. ఆంజినమ్మ అంతా విని, "నా గిన్నె ఇంకా నీకాడే ఉండాది, తెచ్చియ్యి" అని తలుపేసుకుంది. కుళ్ళాయప్ప అనే ముసలాయన సగం విని, అయ్యేది అయింది పోమ్మా అన్నాడు. ఆ మాట ఆమెకు తిట్టుకంటే బరువుగా తగిలింది. రంగన్న చెప్పిందంతా విననే లేదు. ఆమె తల్లినీ, కులాన్నీ, దేవుణ్ణీ కలిపి తిట్టి, ఈ వీధి తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. తప్పు తనది కాబట్టి నోరు మూసుకుని నిలబడింది. కానీ ఆ తిట్లలో తన తప్పుతో సంబంధం లేనివి కూడా ఉన్నాయని ఆమెకు తెలిసింది. పదకొండో ఇంటి ముందు పిలవకముందే తలుపు తెరుచుకుంది. ఆ ఇంటామెకు అప్పటికే సంగతి చేరిపోయింది, చెప్పనక్కర్లేదని చెయ్యి ఊపింది. వెనక్కి తిరిగితే నల్లమ్మ తన ఇంటి ముందు నిలబడి చూస్తూ ఉంది.

ఆ రాత్రి యేసన్న ఆమెకు వీపు తిప్పి చాప పరుచుకున్నాడు. పడుకునేముందు, "ఎవురడిగినారని చెప్పినావు?" అని మటుకు అన్నాడు.

సోమవారం బెళుగుప్పకు పోయి నీలం సంచీని డాక్టరు బల్ల మీద పెట్టింది. విజయభాస్కర్ కోపిష్టి కాదు గానీ ఆ రోజు గట్టిగా కేకలేశాడు. తర్వాత సంచీని ఆమె వైపే నెట్టాడు. "ఇది ఈడ పెట్టి పోతే నీకు హాయి. ఊరికి సూది ఎవరేస్తారు? ఈసారి నేనూ వస్తా. తీసుకుపో" అన్నాడు.

మే నెలలో శశికి కళ్యాణదుర్గం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కృపాకుమారి తన పెట్టనొకదాన్ని కోసి, శుభ్రం చేసి యేసన్న చేత పంపింది. నల్లమ్మ తీసుకుంది. గిన్నె కడిగి తిరిగి పంపింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఒకటి పంపింది. బాలింత నెల ముగిసేసరికి ఆమె పెరట్లో తొమ్మిదే మిగిలాయి. పంపిన కొద్దీ మనసు తేలికవుతుందనుకుంది. కాలేదు.

ఆగస్టులో నాలుగు చినుకులు పడ్డాక డాక్టరు వచ్చాడు. అప్పటికి మిట్ట వీధిలో ఏడు ఇళ్ళవాళ్ళు మళ్ళీ కోళ్ళు తెచ్చుకున్నారు. రంగన్న తన కోళ్ళకు డాక్టరు చేత్తోనే వేయించుకున్నాడు; సంచీ కూడా తన వాకిట్లో పెట్టనివ్వలేదు. మిగతావాళ్ళూ ఆమెను లోపలికి పిలవలేదు. వీధి మధ్యలో వేపచెట్టు నీడన కూర్చుని కృపాకుమారి మందు కలిపి, సూదిలోకి ఎక్కించి డాక్టరుకు అందిస్తూ ఉంది. అందరూ ఆయన ముందే వరస కట్టారు.

నల్లమ్మ కొత్తగా కొన్న అయిదు పెట్టలను గంపలో పెట్టుకుని వచ్చింది. వరసలో నిలబడలేదు. నేరుగా కృపాకుమారి ముందుకు వచ్చి చతికిలబడి, ఒక పెట్టను ఒళ్ళో పెట్టుకుని రెక్క ఎత్తి పట్టింది. కృపాకుమారి ఆమె మొహంలోకి చూడబోయి చూడలేక, రెక్క కింద ఈకలు పక్కకు తోసింది. తొందరలో సూది అడ్డంగా దిగింది. చిన్న రక్తపు బొట్టు పైకి ఉబికింది. పెట్ట కొక్కరించింది.

"మెల్లగా మే" అంది నల్లమ్మ. గంపలోంచి రెండోదాన్ని తీసింది.